ఐదో స్వీకృతాన్ని రుజువు చేయబోయి బోల్తా పడ్డవాళ్లున్నారా?

తిర్యగ్రేఖ: నిన్న రాత్రి రెండింటి దాకా కూర్చుని, యూక్లిడ్ ఐదో స్వీకృతాన్ని (రుజువు లేకుండా ఒప్పుకునే మాట: రెండు గీతల్ని మూడోది ఖండిస్తే, ఏ పక్క లోపలి కోణాల మొత్తం రెండు లంబకోణాల కంటే తక్కువో ఆ పక్క అవి కలుస్తాయి) మిగతా నాలుగింటి నుంచి రాబట్టేశాననుకున్నా. అడుగున ఒక గీత, దాని రెండు కొసల నుంచి సమానంగా రెండు లంబాలు, వాటి పైకొసల్ని కలిపా. పైకోణాలు రెండూ సమానమని తేలిగ్గానే వచ్చింది. ఆ తర్వాత "పైగీత, కిందిగీత అంతటా ఒకే దూరంలో ఉంటాయి కాబట్టి" అని రాసి పైవి లంబకోణాలని తేల్చేశా, అది తేలితే ఐదోది వచ్చేసినట్టే. పొద్దున చూస్తే ఆ "కాబట్టి" ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియలేదు.

పాతచాక్‌పీస్: మీది సకేరీ చతుర్భుజం అండీ. సకేరీ ఇటలీ గణితవేత్త, 1733లో దీని మీద పుస్తకం వేశాడాయన. కానీ అంతకు ఆరు వందల ఏళ్ల పైచిలుకు ముందే ఉమర్ ఖయ్యాం (అవును, ఆ రుబాయీల ఖయ్యామే) ఇదే బొమ్మ పట్టుకుని కుస్తీ పట్టాడు. పైకోణాలు అధిక కోణాలైతే కుదరదని సకేరీ తేల్చాడు. అల్పకోణాలైతే మాత్రం ఎంత తవ్వినా వైరుధ్యం దొరక్క, చివరికి ఇది సరళరేఖ స్వభావానికే విరుద్ధం అని చేతులు దులుపుకున్నాడు. నన్నడిగితే ఐదోది చెల్లని కొత్త జ్యామితి గుమ్మం దాకా వెళ్లి తలుపేసి వచ్చేశాడు.

సరూపం: నేను పడ్డది వేరే గోతిలో. ఏ త్రిభుజానికైనా దానికి సరూపంగా (అంటే అవే కోణాలతో) ఎంత పెద్ద త్రిభుజమైనా గీయొచ్చు కదా అని మొదలుపెట్టి రుజువు పూర్తి చేశా, రెండ్రోజులు గాల్లో తేలా కూడా. తీరా చూస్తే అది ఒప్పుకోవడమంటే ఐదోది ఒప్పుకోవడమే. 1663లో ఇంగ్లిష్ గణితవేత్త వాలిస్ కూడా ఇదే దారిలో వెళ్లాడు, కాకపోతే ఆయన ఫలానాది ఒప్పుకుంటున్నానని పైకి చెప్పాడు, నేను చెప్పలేదు.

పాతచాక్‌పీస్: యూక్లిడ్‌కీ దీన్ని వాడటం పెద్ద ఇష్టం లేనట్టే ఉంది. తన 'ఎలిమెంట్స్' మొదటి పుస్తకంలో 28 ప్రతిపాదనలు అది లేకుండానే లాక్కొచ్చి, 29వ దాంట్లో తప్పక బయటికి తీశాడు.

తిర్యగ్రేఖ: మరి అల్పకోణాల దారిలో ఆగకుండా వెళ్లినవాళ్లు లేరా?

సరూపం: ఎందుకు లేరు, రష్యాలో లొబచేవ్‌స్కీ ఆ కొత్త జ్యామితిని 1829లో అచ్చు వేశాడు. హంగేరీ వాడు యానోష్ బోయాయికైతే దీని జోలికి పోవద్దని తండ్రే ఉత్తరం రాశాడు, తను చేతులు కాల్చుకున్నాడు కాబట్టి. కొడుకు వినలేదు, అతను కట్టిన ఇదే జ్యామితి 1832లో ఆ తండ్రి పుస్తకానికే అనుబంధంగా వచ్చింది. మామూలు జ్యామితిలో వైరుధ్యం లేకపోతే ఇందులోనూ ఉండదని 1868లో ఇటలీ గణితవేత్త బెల్ట్రామీ దీనికి మామూలు జ్యామితిలోనే నమూనా కట్టాక తేలింది.

తిర్యగ్రేఖ: కొట్టేసిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టా. పైకోణాలు అల్పకోణాలని పెట్టుకుంటే పైగీత కిందిగీత కంటే పొడవని వస్తోంది. మళ్లీ ఎక్కడో తప్పానా?

పాతచాక్‌పీస్: తప్పలేదు. కానివ్వండి.