జీడితోటలో ఎర్రచీమలు: ఉంచాలా, మందు కొట్టాలా?

వంశధార ఒడ్డు (కాశీనగర్ దగ్గర)
మాది రెండెకరాల జీడితోట. పూత సగం విచ్చింది. నాలుగు రోజులుగా మబ్బు పట్టి ఉంది, టీ దోమ (చిగుళ్ల రసం పీల్చే పురుగు, మామూలు దోమ కాదు) దిగింది. లేత చిగుళ్ల మీద నల్లమచ్చలు, కొన్ని పూగుత్తులైతే మంట తగిలినట్టు మాడిపోయాయి. గురువారానికి పవర్ స్ప్రేయర్ మనిషిని మాట్లాడి పెట్టాను. నిన్న తోటంతా తిరిగితే ఒకటి కనబడింది. తూర్పు గట్టు మీద పన్నెండు చెట్లకు ఎర్రచీమల గూళ్లున్నాయి. ఆకులు కుట్టి ఉండ చుట్టే చీమ, ఒడియా వాళ్లు కాయి పింపుడి అంటారే, అదే. ఆ చెట్ల పూత మాత్రం పచ్చగా ఉంది. లాంబ్డా సైహలోత్రిన్ కొడితే దోమతో పాటు చీమా పోతుంది. కొట్టాలా, ఆగాలా? మూడు రోజులే టైముంది.

గుణుపురం పిక్కల షాపు
కొట్టేయ్ తమ్ముడూ, ఇందులో ఆలోచించేదేముంది? దోమ నోరు పెట్టిన పిక్క గజ్జి పట్టినట్టు ఉంటుంది, లోపల పప్పు ముడుచుకుపోతుంది. అలాంటి సరుకు మూట విప్పగానే తెలిసిపోతుంది, నేను కాదు కదా పలాసలో ఎవరూ ముట్టుకోరు. చీమలు పంట కాపాడేటట్టయితే మందుల షాపులన్నీ ఎప్పుడో మూసేసేవారు.

పర్లాకిమిడి మాష్టారు
షాపు బాబూ, మందుల షాపు పుట్టకముందే చీమల వ్యాపారం ఉంది. క్రీ.శ. 304 నాటిదని చెప్పే చైనా పుస్తకంలో, నారింజ తోటల కోసం సంతలో గూళ్లతో సహా చీమలు అమ్మేవారని రాసుంది. చెట్టు నుంచి చెట్టుకు వెదురుబద్దలు వంతెనలుగా కట్టేవారు కూడా. అదీ ఈ జాతి చీమే.

పాతకాలం మాట అనుకుంటే కొత్తదే చెబుతాను. ఉత్తర ఆస్ట్రేలియాలో రెంకాంగ్ పెంగ్, కీత్ క్రిస్టియన్ అనే ఇద్దరు 1990ల నుంచి సరిగ్గా మన పంట మీదే పనిచేశారు. అక్కడి జీడికీ టీ దోమ ఉంది, మన దోమకి దగ్గర చుట్టం. ఎర్రచీమలు బాగా ఉన్న చెట్ల మీద దాని నష్టం బాగా తగ్గిందని చూపించారు. 2022లో బ్రెజిల్ వాళ్ల ఆధ్వర్యంలో 17 పంటల మీద జరిగిన 52 అధ్యయనాలను కలిపి చూశారు. సరిగ్గా చూసుకుంటే కొన్ని రకాల చీమలు మందుకు తీసిపోవని తేలింది. "సరిగ్గా చూసుకుంటే" అన్న మాట మాత్రం మరిచిపోవద్దు.

ఇంకో సంగతి. జీడి చెట్టు చీమలకు తానే మేత పెడుతుంది. పువ్వులో కాకుండా ఆకు మీద, పూగుత్తి మీద, లేత పిందె మీద కూడా తేనె ఊరే చిన్న చిన్న గ్రంథులుంటాయి. పొద్దున్నే వెళ్లి పిందెను దగ్గరగా చూడండి, చీమ మూతి పెట్టి కదలకుండా ఉంటుంది. కూలి తీసుకుంటున్న కాపలాదారు అది.

జీడితోట కోడలు
మాష్టారూ, నమస్కారం. ఆ 52 అధ్యయనాల్లో కొమ్మ దులిపే ఆడవాళ్లను ఒక్కరినైనా అడిగారా? కింద రాలిన పిక్క ఏరుకోవడం తేలికే. గెడతో కొమ్మ అందుకోగానే జాకెట్టు మెడలోంచి దూరతాయి. ఊరికే కరిచి వదలదు, కరిచిన చోటే తోక వంచి పులుపు చిమ్ముతుంది. సాయంత్రానికి మెడ మీద దద్దుర్లు. మా అత్తగారు చేతులకీ మెడకీ బూడిద రాసుకుని వెళ్లేది, సగం పని చేసేది. కిందటేడు కూలీలు ఆ చెట్ల దగ్గరకు రామని తెగేసి చెప్పారు. ఆ నాలుగు చెట్ల పిక్కలు నేనూ మా ఆయనా ఏరుకున్నాం. చీమ ఉంటే మంచిదే, కాదనను. ఆ మంచికి ఖరీదు ఎవరు కడుతున్నారో కూడా రాయండి.

పర్లాకిమిడి మాష్టారు
అమ్మా, మీ మాట నిజం. నేను పుస్తకం చదివినవాణ్ణి, మీరు కుట్టించుకున్నవారు.

గుణుపురం పిక్కల షాపు
కుట్టడం అలా ఉంచండి. పూల మీద చీమలు కాపలా కాస్తే తేనెటీగ ఎక్కడ వాలుతుంది? ఈగ వాలకపోతే పిందె ఎక్కడిది? మాష్టారు దీనికి చెప్పాలి.

పర్లాకిమిడి మాష్టారు
ఈ చర్చలో అసలైన ప్రశ్న ఇదే. రంబుటాన్ అనే పండ్ల చెట్ల మీద ఈ చీమలుంటే పూలకి వచ్చే పురుగులు తగ్గాయని 2004లో ఒక అధ్యయనం వచ్చింది. 2013లో వేరొక మొక్క మీద ఇంకో రకంగా కనబడింది: పుప్పొడి సరిగా మొయ్యని చిన్న పురుగుల్ని చీమలు తరిమేస్తే, పెద్ద తుమ్మెదలు వచ్చి ఆ పని మరింత బాగా చేశాయి. కాబట్టి పంటను బట్టి ఉంటుంది, అన్నిటికీ ఒకే జవాబు లేదు. అయితే పూత మీద లాంబ్డా కొడితే తేనెటీగకి ఏమవుతుందో షాపు బాబుకి తెలియదా?

మొక్కల డిప్లొమా (రాయగడ)
నడుమ దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాష్టారి లెక్కలో మూడు లోట్లున్నాయి.

జీడి చెట్టును నిలువునా చంపేది దోమ కాదు, కాండం తొలిచే పురుగు. అది బెరడు కింద ఉంటుంది, అక్కడికి చీమ వెళ్లదు. మొదలు దగ్గర రంపపు పొట్టులాంటిది, జిగురు కనబడితే బెరడు చెక్కి పురుగును తియ్యాల్సిందే, చీమలున్నాయని ధీమాగా ఉండొద్దు.

రెండోది పిండినల్లి. అది విసర్జించే తీపి జిగట కోసం చీమ దాన్ని ఆవులా మేపుకుంటుంది, మీద వాలే శత్రువుల్ని తరిమేస్తుంది. మాష్టారు చెప్పిన 2022 పరిశీలనలోనే ఈ రకం పురుగులు చీమల వల్ల పెరుగుతాయని ఉంది. ఆ మాట ఆయన దాటేశారు!

మూడోది చాలామందికి తెలియదు. ఒక రాణి, ఆమె మంద, పది చెట్ల మీద పదుల గూళ్లు, ఇదంతా ఒకే కుటుంబం. పక్క చెట్టు మీద వేరే కుటుంబం ఉంటే సరిహద్దు దగ్గర కొట్టుకు చస్తాయి, పంటకు కాపలా ఎవరూ కాయరు. మన గట్ల తగాదాలే అనుకోండి. రెండు మందల మధ్య కొమ్మలు తగలకుండా నరికితే ఎవరి చెట్ల మీద వాళ్లుంటారు. ఆస్ట్రేలియా వాళ్లు చెప్పిన ముఖ్యమైన పని ఇదే.

అన్నా, మీ పన్నెండు చెట్లూ ఒకే మందవి అయినట్టున్నాయి. వాటిని వదిలేసి, దోమ దిగిన చెట్లకే కొట్టించండి. గాలి తూర్పుకి లేనప్పుడు, పొద్దు వాలాక కొట్టించండి.

గుణుపురం పిక్కల షాపు
వదిలేసిన చెట్ల మీద దోమ పెరిగి మళ్లీ అటు వస్తే?

మొక్కల డిప్లొమా (రాయగడ)
వారం వారం ఆ చెట్ల చిగుళ్లు చూడాలి. మచ్చలు పెరిగితే అప్పుడు కొట్టొచ్చు, మందు డబ్బా ఎక్కడికీ పోదు. చీమల మందను మాత్రం షాపులో అమ్మరు.

జీడితోట కోడలు
వదిలితే వదిలారు, ఆ చెట్లకు గుర్తు పెట్టండి. తెలియక వెళ్లి గెడ పెట్టినవాళ్లు మిమ్మల్ని తిట్టుకుంటారు.

వంశధార ఒడ్డు (కాశీనగర్ దగ్గర)
గురువారం గాలి ఎదురుగా ఉందని శుక్రవారం సాయంత్రానికి మార్చాను. పన్నెండు చెట్లూ, వాటి పక్క వరసా వదిలేసి మిగతా వాటికి కొట్టించాను. స్ప్రేయర్ మనిషి మాత్రం తోటంతటికీ మాట్లాడిన డబ్బే తీసుకున్నాడు. మా ఆవిడ పాత ఎర్రచీర చింపి పన్నెండు మొదళ్లకూ పీలికలు కట్టింది. కట్టేటప్పుడు రెండు చీమలు కుట్టాయి, కోడలు గారి పేరు చెప్పి మరీ నన్ను తిట్టింది. ఆరో చెట్టుకు, పదకొండో చెట్టుకు పిండినల్లి ఉంది, ఆ ఆకులు కోసి కాల్చేశాను. పిక్కలు వేరు వేరు సంచుల్లో పోస్తాను. షాపు అన్నయ్యా, రెండు సంచులూ నీ కాటా మీదే పెడతాను, ఏది ఏ చెట్ల సరుకో చెప్పకుండా.