ఆప్షన్ ముందరి గీత ఎవరి బాధ్యత: మాన్ పేజీ రాసేవారిదా, దాన్ని చూపించే సాధనానిదా?

నాగావళి:
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యార్థులు కలిసి రాస్తున్న అకారాది క్రమ పరికరానికి మాన్ పేజీ, అంటే టెర్మినల్‌లో చదివే వాడుక పత్రం, సిద్ధమైంది. అందులో ఆప్షన్లన్నిటినీ (ఆదేశం పక్కన గీతతో మొదలయ్యే సూచనలను) మామూలు హైఫన్‌తో రాశారు. మాన్ పేజీలను తెరమీద చూపించే సాధనం గ్రోఫ్. 2023 జూలైలో వచ్చిన దాని 1.23.0 కూర్పు ఆ హైఫన్‌ను యూటీఎఫ్-8 టెర్మినల్‌లో యూనికోడ్ హైఫన్‌గా, అంటే యూ+2010గా చూపిస్తుంది. కంటికి తేడా తెలియదు గాని, కాపీ చేసి షెల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే చోట, పెడితే అది ఆప్షన్ కాదు, ఏదో ఫైలు పేరనుకుని అటువంటి ఫైలు లేదని జవాబు వస్తుంది. పేజీలో వెతికినా దొరకదు. కాబట్టి ప్రతి ఆప్షన్ ముందూ బ్యాక్‌స్లాష్ పెట్టి హైఫన్ (\-) రాయాలని, అలా లేని ప్యాచ్‌లను, అంటే చేర్చమని పంపే మార్పులను, తిప్పి పంపాలని ప్రతిపాదిస్తున్నాను.

చంపావతి:
నాగావళి గారూ, నేను ఒప్పుకోను. డెబియన్ అనే లినక్స్ పంపిణీ తన మాన్.లోకల్ అమరిక ఫైలులో ఈ మార్పును వెనక్కి తిప్పి, పాత హైఫన్‌నే చూపిస్తోంది. ఓపెన్‌బీఎస్‌డీ, ఆల్పైన్ వ్యవస్థలు వాడే మాన్‌డాక్ అనే మరో సాధనం అయితే మాన్ పేజీల్లో మామూలు హైఫన్ చాలునని తన పత్రాల్లోనే చెబుతోంది. ఒక్క సాధనం మనసు మార్చుకున్నంత మాత్రాన రాసేవాళ్లందరూ అలవాటు మార్చుకోవాలా?

పలాస పాఠకుడు:
బ్యాక్‌స్లాష్ పెడితే అన్ని సాధనాల్లోనూ సరిగ్గానే వస్తున్నప్పుడు అభ్యంతరం ఏమిటండీ?

చంపావతి:
అభ్యంతరం ఉంది. ఆ నియమం పెట్టగానే పిల్లలు ఫైలంతా ఒక్క దెబ్బకు మార్చేస్తారు. అప్పుడు మామూలు మాటల మధ్య ఉన్న హైఫన్లకు కూడా బ్యాక్‌స్లాష్ పడి, పీడీఎఫ్‌లో అవన్నీ పొడుగాటి మైనస్ గుర్తులుగా అచ్చవుతాయి.

నాగావళి:
నేను ఆప్షన్ల గురించి మాత్రమే అన్నాను. దయచేసి మొదటి సందేశం మళ్లీ చదవండి. హైఫన్ వేరు, మైనస్ వేరు అన్నది ఇప్పుడు పుట్టిన చాదస్తం కాదు. 1979లో యూనిక్స్ ఏడవ కూర్పుతో మాన్ మాక్రోలు (పేజీ రూపాన్ని నిర్దేశించే ఆదేశాలు) వచ్చేనాటికే, గ్రోఫ్‌కు పూర్వరూపమైన టీరాఫ్‌లో ఆ భేదం ఉంది. ఇంతగా పట్టుబట్టడానికి కారణం చెబుతాను. పూర్వం నేను పనిచేసిన ఒక సంస్థ, తన సొంత మాక్రోలతో రాయించిన పేజీలను ఖాతాదారుకు పంపింది. అక్కడి సాధనానికి ఆ మాక్రోలు తెలియక వరుసలకు వరుసలు మాయమైతే, ఫోనులో మాటలు పడినవాడిని నేను. రాసేటప్పుడే జాగ్రత్తపడి ఉంటే ఆ అవమానం తప్పేది.

చంపావతి:
మీకు జరిగింది నిజంగా బాధాకరమే. అయితే అది హైఫన్ వల్ల జరిగింది కాదు, తెలియని మాక్రో వల్ల జరిగింది. మరి మన పేజీలో ‘ఇవీ చూడండి’ విభాగంలో వేరే మాన్ పేజీల పేర్లు చెప్పడానికి ఎమ్మార్ మాక్రో వాడింది ఎవరు? అది గ్రోఫ్‌లోకి 1.23.0తోనే వచ్చింది. అంతకు ముందరి గ్రోఫ్ అయినా, పాత మాన్‌డాక్ అయినా తమకు తెలియని మాక్రోను దాని ఆర్గ్యుమెంట్లతో సహా వదిలేస్తాయి. గీత తప్పుగా పడితే చదివేవాడు ఆదేశం పనిచేయలేదని గ్రహిస్తాడు. మాటే లేకపోతే అక్కడ ఒక మాట ఉండాలని అతనికి ఎలా తెలుస్తుంది?

నాగావళి:
ఎమ్మార్ ఉంటే ఆ పేర్లు టెర్మినల్‌లోనూ బ్రౌజర్‌లోనూ లింకులు కాగలవు. బీఆర్ మాక్రోతో రాస్తే అవి ఉత్త బొద్దు అక్షరాలే. పదేళ్ల కిందటి సాధనాల కోసం ముందుకు వెళ్లడం మానుకోమంటారా?

చంపావతి:
పదేళ్ల కిందటివి కావు. డెబియన్ 12లో ఉన్నది గ్రోఫ్ 1.22.4. మీకు నచ్చిన కొత్త మాక్రో అయితే ముందుకు వెళ్లడం, రాజాం అబ్బాయి వదిలేసిన ఒక బ్యాక్‌స్లాష్ అయితే అతని ప్యాచ్‌ను మీరు తిప్పి పంపడమా? ఇదెక్కడి న్యాయమండీ?

బొబ్బిలి నుంచి:
పెద్దలిద్దరూ కాస్త నెమ్మదించండి.

వంశధార:
ఆ రాజాం అబ్బాయిని నేనే. నా ప్యాచ్‌లో తెలుగు వివరణ అంతా కొత్తగా రాశాను. దాని గురించి ఇద్దరిలో ఎవరూ ఒక్క మాట అనలేదు. చర్చంతా గీత మీదే నడిచింది. మా కళాశాల ల్యాబ్‌లో ఉన్నది 1.22.4. అందులో మన పేజీ తెరిస్తే ‘ఇవీ చూడండి’ అన్న శీర్షిక కింద ఏమీ లేదు. బ్యాక్‌స్లాష్ నియమం ముందే చెప్పి ఉంటే పాటించేవాడిని. రాసి పంపాక, కారణం చెప్పకుండా తిప్పి పంపడమే నాకు కష్టంగా తోచింది.

చంపావతి:
నేను మొదటి నుంచీ అడగదలచింది ఇదే. గీతలు నేను సరిదిద్దుతాను; ఆ పని ప్యాచ్‌లను చేర్చేవాళ్లది కావాలి.

నాగావళి:
వంశధార బాబూ, ఈ రాత్రికే మీ వివరణ చదివి జవాబు రాస్తాను. ఎమ్మార్ తీసేసి బీఆర్ పెడతాను. గీత విషయంలో మాత్రం చంపావతి గారి మాట నాకు సమ్మతం కాదు. చేర్చేవాళ్లు గుట్టుగా సరిదిద్దుకుంటూ పోతే, రాసినవాళ్లకు ఆ సంగతి ఎన్నటికీ తెలియదు. నియమాన్ని కారణంతో సహా మన ప్రాజెక్టు పరిచయ పత్రమైన రీడ్‌మీలో రాసి, ప్యాచ్‌ను రాసినవారి చేతే సరిచేయిస్తాను.

చంపావతి:
రీడ్‌మీలో రాయండి, మంచిదే. తొలి ప్యాచ్‌కు మాత్రం మినహాయింపు ఉండాలి. అది లేకపోతే నేను ఒప్పుకోను.