‘గుడ్ టైమ్స్’ బేస్ ఎత్తుకెళ్లింది దొంగతనమా, కాదా?

బెజవాడ_బేస్:
మొన్నొక రిసెప్షన్‌లో వాయిస్తుంటే ఓ కుర్రాడు స్టేజీ దగ్గరకొచ్చి ‘రాపర్స్ డిలైట్’ పాటలోని బేస్ గిటార్ వరస వాయించమన్నాడు. వాయించాను. మా కీబోర్డు ఆయనకి ఒళ్లు మండింది. “అది షీక్ అనే అమెరికన్ డిస్కో బ్యాండు వాళ్ల ‘గుడ్ టైమ్స్’ రా! ఎత్తుకెళ్లినవాళ్ల పేరు చెప్పి అడుగుతాడేంటి వీడు?” అని. భోజనాల దగ్గర కూడా అదే గొడవ, తెగలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ‘గుడ్ టైమ్స్’ 1979 వేసవిలో వచ్చింది. నైల్ రాడ్జర్స్ గిటార్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ బేస్, టోనీ థాంప్సన్ డ్రమ్స్. ఆగస్టులో అమెరికాలో నంబర్ వన్. సెప్టెంబరుకల్లా షుగర్‌హిల్ గ్యాంగ్ అని ముగ్గురు కుర్రాళ్లు అదే బేస్ మీద మాటలు గుప్పించి ‘రాపర్స్ డిలైట్’ తెచ్చారు. మొదట్లో దాని మీద రాడ్జర్స్ పేరూ లేదు, ఎడ్వర్డ్స్ పేరూ లేదు. రాడ్జర్స్ ఒక క్లబ్బులో విని కంగుతిన్నాడు. కోర్టుకెళ్తామని బెదిరించాకే పేర్లు ఎక్కాయి. నా లెక్కలో ఇది పచ్చి దొంగతనం.

తందానతాన:
అంత మాట ఎందుకండీ? బుర్రకథలో కథకుడు మారతాడు, కథ మారుతుంది, ‘తందాన తాన’ మారుతుందా? ఉయ్యాలో వరస మీద బతుకమ్మ పాటలు ఎన్ని కట్టుకోలేదు? న్యూయార్క్‌లోని బ్రాంక్స్ కుర్రాళ్లు చేసిందీ అదే. 1973లో కూల్ హెర్క్ అనే డీజే ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, వాయిద్యం ఒక్కటే మోగే ముక్కని మళ్లీ మళ్లీ తిప్పుతూ జనాన్ని ఆడించేవాడు. తర్వాత్తర్వాత మైకు పట్టినవాళ్లు దాని మీద మాటలు అల్లడం మొదలుపెట్టారు.

‘గుడ్ టైమ్స్’ పొడుగు వెర్షన్ ఎనిమిది నిమిషాల పైనే. మధ్యలో గొంతులన్నీ తప్పుకుంటాయి, బేసూ తాళమూ మిగులుతాయి. తర్వాత ఒక్కో వాయిద్యం వచ్చి పక్కన కూర్చుంటుంది. డీజే చేతికి అలాంటి ముక్క దొరికితే ఊరుకుంటాడా? విస్తరి వేసి వడ్డించి, తినొద్దంటే ఎలా?

బెజవాడ_బేస్:
తందాన తాన ఎవరో ఒకాయన స్టూడియోలో కూర్చుని కట్టింది కాదు మాస్టారూ. ఇది కట్టినవాడికి పేరుంది, వేళ్లున్నాయి. ఒకే స్వరం మీద మూడు దెబ్బలు. చిన్న ఖాళీ. అక్కణ్నుంచి మెట్లెక్కినట్టు పైకి. కింద కార్డులు (కలిపి మోగించే స్వరాల గుత్తులు) రెండే రెండు. నాకు స్వరాలు ఒక్క పూటలో వచ్చేశాయి, ఆ ఖాళీ పట్టడానికి మూడు నెలలు పట్టింది. చెయ్యి ఊరుకోదు, ఏదో ఒకటి నింపేస్తుంది. ఎడ్వర్డ్స్ నింపలేదు. ఆయన పనితనమంతా అక్కడుంది. మీరేమో దాన్ని ఊరుమ్మడి బావి అంటున్నారు.

న్యూజెర్సీ_నాని:
ఒక సవరణ. ‘రాపర్స్ డిలైట్’ని చాలామంది ‘సాంపిల్ చేశారు’ అంటారు, అంటే అసలు రికార్డులోని ముక్కనే తీసి వాడారని. ప్రధానంగా అది సాంపిల్ కాదు. స్టూడియోలో కుర్రాళ్లని కూర్చోబెట్టి, ఆ బేస్‌ని పావుగంట ఆపకుండా వాయింపజేశారు. బేస్ వాయించినవాడి వేళ్లు ఏమైపోయాయో పాపం. ఆ పాట తెచ్చిన షుగర్ హిల్ రికార్డు కంపెనీ మా పక్కనే, ఇంగిల్‌వుడ్‌లో ఉండేది.

ఇంకోటి. మరుసటి ఏడు, 1980లో, బ్రిటిష్ రాక్ బ్యాండు క్వీన్ వాళ్ల ‘అనదర్ వన్ బైట్స్ ద డస్ట్’ వచ్చింది. దాని బేస్ విన్నవాడెవడికైనా చుట్టరికం తెలిసిపోతుంది. క్వీన్‌లో బేస్ వాయించే జాన్ డీకన్ తమ స్టూడియోకి వచ్చి కూర్చునేవాడని ఎడ్వర్డ్స్ కూడా చెప్పాడు. దానిమీద షీక్ వాళ్ల పేరు లేదు. దాన్ని ‘ప్రభావం’ అంటాం, దీన్ని ‘దొంగతనం’ అంటాం! 1981లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే డీజే ‘గుడ్ టైమ్స్’నీ ఈ క్వీన్ పాటనీ ఒకే రికార్డులో పక్కపక్కన పెట్టి తిప్పాడు. నాకైతే అంతకు మించిన తీర్పు అక్కర్లేదు.

బెజవాడ_బేస్:
డీకన్ తనదిగా మార్చుకున్నాడు తమ్ముడూ. ఆ మూడు దెబ్బలు ఉంచుకున్నాడు, మిగతాది వేరే పాట. షుగర్‌హిల్ వాళ్లు దాన్నే దించేశారు. తేడా అదే.

డప్పుదరువు:
అన్నలూ, బేస్ బేస్ అనుకుంట అసలు మనిషినే మర్చిపోయిన్రు. మాటలు ఎవరివి? ముగ్గుర్ల ఒకడు హాంక్, పిజ్జా దుకాణంల పనిచేసేటోడు. కంపెనీ నడిపే సిల్వియా రాబిన్సన్ ఆయన్ని ఆడనే పట్టుకున్నది. హాంక్ పాడింది గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే బ్రాంక్స్ కవి రాసుకున్న మాటలు. ఎంత అమాయకంగ ఎత్తుకున్నడంటే, కాజ్ పాత స్టేజి పేరు ‘కాసనోవా’ను ఒక్కో అక్షరం విడగొట్టి రికార్డుల చదివిండు. ఆయన పేరు హాంక్ గద, కాసనోవా ఎట్లయితడు?

రాడ్జర్స్, ఎడ్వర్డ్స్ తరఫున లాయర్లున్నరు, పేరెక్కింది, పైసలొచ్చినయి. కాజ్ పేరు ఎక్కలే. దొంగతనం గురించి మాట్లాడాల్నంటే గీడ షురూ చెయ్యాలె.

రికార్డుల_రావు:
దరువు గారు చెప్పింది నిజం. మన దగ్గరి ఉదాహరణ ఒకటి. బప్పీ లహరి అనగానే ‘విదేశీ డిస్కో కాపీలు’ అని నవ్వుతాం. కానీ 2002లో అమెరికాలో ‘అడిక్టివ్’ అనే పాట హిట్టయింది, అందులో ఉన్నది బప్పీ కట్టిన, లతా మంగేష్కర్ పాడిన 1981 నాటి హిందీ పాట. అడగనూ లేదు, పేరూ వేయలేదు. కోర్టుకెళ్తే, ఆయన పేరు వేసేదాకా ఆ ఆల్బం అమ్మొద్దని లాస్ ఏంజెలస్ జడ్జి ఆదేశించాడు. ‘కాపీ బప్పీ’ అన్న మనకే అప్పుడు ‘మన బప్పీకి అన్యాయం’ అనిపించింది కదా?

ఇంకో సంగతి. 1979 జులై 12న షికాగో బేస్‌బాల్ మైదానంలో డిస్కో గిట్టనివాళ్లు ఆ రికార్డుల్ని గుట్టపోసి పేల్చారు. నెల తిరగ్గానే ‘గుడ్ టైమ్స్’ నంబర్ వన్, అదీ ఒక్క వారమే. అక్కడితో ఆ సంగీతం పనైపోయిందన్నారు. ఆ బేస్‌ని బతికించింది మీరు దొంగలంటున్న ఆ ముగ్గురు కుర్రాళ్లే.

బెజవాడ_బేస్:
బతికించాడు కాబట్టి జేబు కొట్టినా పర్లేదంటారా?

కాజ్ సంగతి నాకు తెలియదు దరువన్నా. రాత్రి ఆ ముక్క పెట్టుకుని విన్నా, అక్షరాలు విడగొట్టే చోట నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. దొంగతనం ఒకటి కాదు, రెండు. ఒకటి సర్దుకున్నారు. రెండోది అలాగే ఉంది.

తందానతాన:
పేరు వేయాల్సిందే, ఒప్పుకుంటా. కానీ 1979లో ముందే వెళ్లి అడిగితే ఆ పిల్లలకి అనుమతి ఇచ్చేవాళ్లంటారా? రాప్ రికార్డు అంటే ఏంటో కూడా అప్పటికి ఎవరికీ తెలియదు.

బెజవాడ_బేస్:
అడగలేదు కదండీ. ఎలా చెప్పగలం?