సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధుల విడతలో వాటా అడుగుతున్నారు, ఎవరికి రాయాలి?

మాది విశాఖలో సెక్షన్ 8 (లాభాపేక్ష లేని) కంపెనీ. సీఎస్‌ఆర్ నిధులు తీసుకోవడానికి కావాల్సిన సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్, ఆదాయపు పన్ను కింద 12ఏ, 80జీ అన్నీ ఉన్నాయి. ఒక లిస్టెడ్ కంపెనీ నిధులతో భీమిలి వైపు మత్స్యకార మహిళలకు నెత్తళ్లు ఎండబెట్టుకునే వల బల్లలు వేయిస్తున్నాం. సగం వేశాం. ఇసుక అంటని చేపకు బేరగాళ్లు రేటు పెంచి ఇస్తున్నారు కూడా.

రెండో విడత 6 లక్షలు రావాలి. యుటిలైజేషన్ సర్టిఫికెట్ (నిధుల వినియోగ పత్రం), బిల్లులు, ఫొటోలు ఇచ్చేశాం. ఇప్పుడు అక్కడి మేనేజర్ తను చెప్పిన ఏజెన్సీకి ‘మానిటరింగ్ ఫీజు’ కింద 15 శాతం కట్టమంటున్నారు. ఒప్పందంలో ఆ ఊసే లేదు. రూల్స్ ప్రకారం కంపెనీ మొత్తం సీఎస్‌ఆర్ ఖర్చులో అడ్మిన్ ఖర్చులే 5 శాతం దాటకూడదు, ఇదెక్కడి లెక్కో!

మెయిల్ పెట్టమంటే ఫోన్‌లోనే మాట్లాడదామంటారు. ఆయన పైఅధికారికి రాస్తే ఆ మెయిల్ తిరిగి ఈయన దగ్గరికే వచ్చింది. మా ఆడిటరేమో ఏదో పద్దులో రాసేద్దామంటున్నారు. అది మాకు కుదరదు. ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం, ఆలోపు మిగతా బల్లలు వేయకపోతే ఈ సీజన్ పోయినట్టే.

వాళ్ల విజిల్‌బ్లోయర్ పాలసీలో (అక్రమాలపై ఫిర్యాదు చేసే విధానం) ఫిర్యాదు చేయగలిగేది డైరెక్టర్లు, ఉద్యోగులు అని మాత్రమే ఉంది. మాలాంటి బయటి సంస్థ నేరుగా ఆడిట్ కమిటీ ఛైర్మన్‌కు రాస్తే ఫిర్యాదుగా తీసుకుంటారా?