మొదటిది పెద్దాపరేషన్, రెండోది నార్మల్‌కి చూడొచ్చా?

కరీంనగర్ కోడలు: అక్కలూ, నాకిప్పుడు 32 వారాలు. 2022ల పాప ఎదురుకాళ్ళతోని ఉందని పెద్దాపరేషన్ చేసిన్రు. ఈసారి నార్మల్‌కి చూద్దామని డాక్టరమ్మ అన్నది, రోజూ నడుస్తున్న. ఇంట్ల మాత్రం ఒకసారి కోసినంక మళ్ళ కోసుడే అంటున్నరు. ఎవరికన్న అయిందా?

గోదారి పిల్ల: కుట్టు విచ్చుకుంటే తల్లీబిడ్డా ఇద్దరికీ ప్రాణం మీదకొస్తుందండి. ఎందుకొచ్చిన తిప్పలు.

లేబర్ రూమ్ సిస్టర్: గర్భసంచి మీద కింద అడ్డంగా ఒక్క కోతే ఉంటే విచ్చుకునేది దాదాపు 200 మందిలో ఒకరికి. ప్రయత్నించినవాళ్ళలో నూటికి 60 నుంచి 80 మందికి నార్మల్ అవుతుంది, పోయినసారి ఎదురుకాళ్ళు కాబట్టి నీకు ఇంకా ఆశ ఎక్కువ. లోపల నిలువు కోతైతే మాత్రం వద్దే వద్దు. పొట్ట మీద కుట్టు చూసి అది తెలీదు, డిశ్చార్జ్ కాగితం వెతుకు.

గోదారి పిల్ల: ఆ ఒక్కరు మీ ఇంట్లో మనిషైతే?

సిరివాళ్ళమ్మ: ఈ భయం పెట్టే కోస్తున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే, ప్రైవేటులో 81. నాకు మా అత్తగారు ముహూర్తం పెట్టించారు, నెప్పులే రాలేదు, నన్నొక మాట అడగలేదు, పాప ఐదు రోజులు గాజుపెట్టెలో ఉంది.

గోదారి పిల్ల: నావి రెండూ ఆపరేషన్లే. నార్మల్ అయినోళ్ళే అమ్మలా?

సిరివాళ్ళమ్మ: ఆ మాట ఎవరన్నారు ఇక్కడ?

వరంగల్ అమ్మ: నాకు రెండోది నార్మలే అయింది.

లేబర్ రూమ్ సిస్టర్: ఆపరేషన్ పెరిగేకొద్దీ తర్వాతి కాన్పులో మాయ పాత కుట్టుకి అతుక్కునే ప్రమాదం కూడా పెరుగుతుంది, అది కూడా లెక్కలోకి తీసుకోండి.

గోదారి పిల్ల: లెక్కలు చాలు సిస్టర్. మా వదిన కూడా ఇలాగే నార్మల్‌కి చూసింది. రాత్రి 2 గంటలకి కుట్టు దగ్గర ఒకటే పోటు, ఉన్నట్టుండి నెప్పులు ఆగిపోయాయి. మత్తు డాక్టరు పక్క ఊర్నుంచి వచ్చేసరికి గంటన్నర. వదిన దక్కింది, బాబు దక్కలేదు. వాడికని పాత చీరలతో కుట్టిన బొంత మా అమ్మ ఇప్పటికీ పెట్టెలో దాచింది.

లేబర్ రూమ్ సిస్టర్: అయ్యో తల్లీ. రాత్రిపూట కూడా మత్తు డాక్టరు, థియేటరు, రక్తం రెడీగా లేనిచోట అసలు ప్రయత్నించనే కూడదు. నెప్పులు మొదలైన దగ్గర్నుంచి బిడ్డ గుండె మెషీన్ మీద చూస్తూనే ఉండాలి. నెప్పులు రావడానికి మిసోప్రోస్టాల్ మాత్ర పెట్టకూడదు.

సిరివాళ్ళమ్మ: అవన్నీ చిన్న ఊళ్ళలో ఎక్కడుంటాయి? అంటే పల్లెల్లో ఆడవాళ్ళకి ఎప్పటికీ కోతేనా?

గోదారి పిల్ల: అవునండి, బిడ్డ కావాలంటే.

సిరివాళ్ళమ్మ: నేనొప్పుకోను. మత్తు డాక్టర్ని పెట్టమని అడగాలి గానీ మనం పొట్ట చూపించుకుంటూ పోవడమేంటి?

కరీంనగర్ కోడలు: పాత కాగితం పాప టీకాల కార్డు కవర్ల దొరికింది, అడ్డం కోతనే అని రాసుంది. రాత్రి మత్తు డాక్టర్ ఉంటడా అని ఇయ్యాల డాక్టరమ్మను అడిగిన, పిలిస్తే వస్తడన్నది. ఎంతసేపట్ల అంటే చెప్పలే. రేపు పెద్ద దవాఖానకు పోయి అడుగుతం.