మినీ 3తో పెళ్లి షూట్‌లు చేస్తున్నాను, ఎయిర్ 2ఎస్ కొనొచ్చా? డ్రోన్ రూల్స్ గురించి సందేహాలు

గోదారిగట్టు:
ఏలూరు వైపు పెళ్లిళ్లు, ప్రీ-వెడ్డింగ్‌లు తీస్తుంటాను. ఇప్పుడున్నది డీజేఐ మినీ 3. గాలికి ఫుటేజీ ఊగుతోందని సెకండ్ హ్యాండ్‌లో ఎయిర్ 2ఎస్ చూస్తున్నాను. అమ్మేవాళ్లు "రిజిస్ట్రేషన్ ఉంది, భయం లేదు" అంటున్నారు. మా తమ్ముడు సరదాకి కట్టుకున్న 5 అంగుళాల ప్రొపెల్లర్ల ఎఫ్‌పీవీని (గాగుల్స్‌లో కెమెరా దృశ్యం చూస్తూ ఎగరేసే డ్రోన్) కూడా ఈవెంట్లకు తెస్తానంటున్నాడు. మూడింటికీ ఒకే రూలా? శంషాబాద్ దగ్గర ఫామ్‌హౌస్‌లో ఒక పెళ్లి ఆర్డర్ కూడా వచ్చింది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రెక్కలబండి:
ఒకే రూలు కాదండీ. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం బరువుతో పాటు, డబ్బు తీసుకుని ఎగరేస్తున్నారా లేదా అన్నదీ లెక్కే.

250 గ్రాముల వరకు నానో. టైప్ సర్టిఫికెట్ (ఆ రకం డ్రోన్‌కు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే ఆమోదం), రిమోట్ పైలట్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ ఏవీ తప్పనిసరి కాదు, పెళ్లికి వాడినా సరే. యూఐఎన్ (డ్రోన్ రిజిస్ట్రేషన్ నంబరు) మాత్రం దీనికీ తీసుకోవాలి. ఫారం డి-2, ఫీజు 100 రూపాయలు. అందులో ఫ్లైట్ కంట్రోలర్ (డ్రోన్‌ను నడిపే లోపలి బోర్డు) సీరియల్, రిమోట్ సీరియల్ రెండూ అడుగుతారు. చాలామంది బాడీ మీది స్టిక్కర్ నంబరు కొట్టేస్తారు, అది తప్పు. డీజేఐ ఫ్లై యాప్‌లో 'అబౌట్' పేజీలో ఫ్లైట్ కంట్రోలర్ నంబరు విడిగా ఉంటుంది. సర్వీసులో బోర్డు మారిస్తే ఆ నంబరూ మారుతుంది, వెంటనే పోర్టల్లో మార్పించుకోండి.

మినీ 3కి ప్లస్ బ్యాటరీ వేస్తే దాదాపు 290 గ్రాములు తూగుతుంది, అంటే నానో కాస్తా మైక్రో (250 గ్రాములు దాటి 2 కిలోల వరకు) అయిపోతుంది. రూలు చూసేది ఎగిరేటప్పటి మొత్తం బరువు. ప్రొపెల్లర్ గార్డులు, ఫిల్టర్, మెమరీ కార్డు అన్నీ తగిలించి డిజిటల్ కాటా మీద పెట్టి చూసుకోండి.

ఎయిర్ 2ఎస్ 595 గ్రాములు. పెళ్లికి తీసుకెళ్తే టైప్ సర్టిఫికెట్, యూఐఎన్, పైలట్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ నాలుగూ కావాలి. చిక్కంతా మొదటిదాని దగ్గరే. ఈ మోడల్‌కు మన డీజీసీఏ టైప్ సర్టిఫికెట్ లేదు, అది లేనిదే ఇప్పుడు యూఐఎన్ రాదు. 2021 నవంబరు 30 లోపు దేశంలోకి వచ్చిన డ్రోన్లకు అప్పట్లో ఒక వెసులుబాటు ఇచ్చారు, ఆ గడువు ఎప్పుడో అయిపోయింది. అమ్మేవాళ్లు చూపించేది పాత డాన్ నంబరైతే (2020లో డ్రోన్ వివరాలు స్వచ్ఛందంగా చెప్పినవాళ్లకు ఇచ్చినది) అది యూఐఎన్ కాదు. నిజంగా యూఐఎన్ ఉంటే ఫారం డి-3తో మీ పేరు మీదికి మారాకే డబ్బు ఇవ్వండి. పైగా 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిపై నిషేధం ఉంది. ఎప్పుడు వచ్చిందో కాగితం చూపలేకపోతే ముట్టుకోవద్దు.

సోల్డరింగ్ బల్ల:
తమ్ముడి ఎఫ్‌పీవీ సంగతి నేను చెప్తాను. సరదాకి, కంటిచూపు మేరలో ఎగరేసినంతకాలం అది 'మోడల్' కిందికి వస్తుంది. టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 2 కిలోల లోపే కాబట్టి పైలట్ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. యూఐఎన్, ఇన్సూరెన్స్ ఉంటే చాలు. మోటార్లు, ఈఎస్‌సీలు (మోటార్ల వేగాన్ని అదుపు చేసే బోర్డులు) విడిభాగాలుగా తెప్పించుకోవడం నిషేధంలోకి రాదు.

ఈవెంట్‌కు డబ్బు తీసుకుంటే మాత్రం అది ఇక మోడల్ కాదు. ఇంట్లో కట్టిన ఒక్క ఫ్రేమ్‌కు టైప్ సర్టిఫికెట్ తెచ్చుకోవడం మామూలు మనిషి వల్ల అయ్యే పని కాదు. చేతిలో పనితనం ఉన్న కుర్రాళ్లు ఈ రంగంలోకి రాలేకపోతున్నది దీనివల్లే. 2 కిలోల లోపు వాటికైనా ఇది సడలించాలని నా గట్టి అభిప్రాయం.

ప్రస్తుతానికి దారి ఒకటుంది: 250 గ్రాముల లోపు 2.5 అంగుళాల సినీవూప్ అనే చిన్న ఎఫ్‌పీవీ డ్రోన్. పైన గోప్రో పెట్టకుండా డీజేఐ ఓ3 యూనిట్‌లోనే (డ్రోన్‌కు బిగించే కెమెరా, వీడియో ట్రాన్స్‌మిటర్) రికార్డు చేస్తే బరువు అదుపులో ఉంటుంది. ప్రొపెల్లర్ల చుట్టూ డక్ట్ (గుండ్రటి రక్షణ చట్రం) ఉంటుంది కాబట్టి జనం మధ్య అదే మేలు. గాగుల్స్ పెట్టుకున్నవాడికి చుట్టూ ఏముందో కనపడదు. పక్కన ఒకరు డ్రోన్ మీదే కన్నేసి నిలబడాలి.

గోదారిగట్టు:
చాలా థ్యాంక్సండీ, ఎయిర్ 2ఎస్ ఆలోచన మానుకున్నాను. టైప్ సర్టిఫికెట్ ఉన్న మనదేశపు డ్రోన్ కొంటే పైలట్ సర్టిఫికెట్ ఎలా? శంషాబాద్ సంగతి?

నాలుగొందల అడుగులు:
వయసు 18 నుంచి 65, పదో తరగతి పాసై ఉండాలి. డీజీసీఏ గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థలో కోర్సు చేయాలి, హైదరాబాద్‌లో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ అలాంటిదే. సర్టిఫికెట్ 10 ఏళ్లు చెల్లుతుంది. 2023 సవరణ తర్వాత పాస్‌పోర్టు తప్పనిసరి కాదు.

శంషాబాద్ విషయంలో నానో అయినా మినహాయింపు లేదు. దూరం కొలిచేది టెర్మినల్ నుంచి కాదు, ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకే గ్రీన్ జోన్, అంటే ముందుగా అనుమతి అక్కర్లేదు. 5 నుంచి 8 మధ్య నేల నుంచే యెల్లో, అంటే ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించే విభాగం) అనుమతి లేనిదే అడుగు ఎత్తు కూడా లేపకూడదు. అడ్వాన్సు తీసుకోకముందే ఫామ్‌హౌస్ లొకేషన్‌ను ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాప్‌లో పెట్టి చూడండి. షూట్ రోజు పొద్దున మళ్లీ చూడండి, వీఐపీలు వస్తే పోలీసులు తాత్కాలిక రెడ్ జోన్ (ఎగరేయకూడని ప్రాంతం) పెడతారు. హైదరాబాద్‌లో బేగంపేట, హకీంపేట, దుండిగల్ చుట్టుపక్కలా ఇంతే జాగ్రత్త అవసరం.

యాప్‌లో గరిష్ఠ ఎత్తు గ్రీన్ జోన్‌లో 120 మీటర్లకు, 8-12 కిలోమీటర్ల పరిధిలో 60 మీటర్లకు పెట్టేయండి. యాప్ చూపే ఎత్తు టేకాఫ్ అయిన చోటు నుంచి. గుట్ట మీద నుంచి లేపి లోయ వైపు పంపితే, తెర మీద 100 అని కనిపిస్తున్నా కింద నేల నుంచి 150 దాటి ఉండొచ్చు. అలాంటి చోట కిందికి దిగి లేపండి.