నేపుల్స్ రేవులో దిగి పాంపేయి సొంతంగా చూసి రావచ్చా?

ప్రశ్న:
అక్టోబరులో మా క్రూయిజ్ ఓడ ఉదయం 7కి నేపుల్స్ చేరి సాయంత్రం 6.30కి కదులుతుంది. ఓడవాళ్ల టూరు నలుగురికి బాగా ఖరీదు. అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాత రోమన్ ఊరు పాంపేయికి సొంతంగా వెళ్లిరావడం కుదురుతుందా? నాన్నగారికి మోకాళ్ల నొప్పులు.

జవాబు 1:
శుభ్రంగా కుదురుతుందండీ. రేవు ఊరి నడిబొడ్డునే ఉంది. బయటికి రాగానే మునిచీపియో మెట్రో స్టేషను, అక్కణ్ణుంచి 1వ లైనులో మూడో స్టాపు గారిబాల్ది. అక్కడే చిర్కుమ్‌వెసువియానా అనే లోకల్ రైళ్లు. సొరెంటో వెళ్లేది ఎక్కి ‘పాంపేయి స్కావి - విల్లా దేయ్ మిస్తేరి’లో దిగాలి. దాదాపు 40 నిమిషాలు. దిగగానే శిథిలాల్లోకి వెళ్లే పోర్తా మరీనా ద్వారం.

చాలామంది తప్పేది ఇక్కడే: పొజ్జోమరీనో వెళ్లే బండి కూడా పాంపేయి అనే చోట ఆగుతుంది. కానీ అది ఊరి వైపు స్టేషను, పోర్తా మరీనాకు చాలా దూరం. ప్లాట్‌ఫారం మీద బోర్డు చూసి ఎక్కండి. గారిబాల్దిలో సీటు దొరకడం కష్టం. బండి బయల్దేరేది దానికి ముందు స్టేషను పోర్తా నొలానా నుంచి. రేవు నుంచి నడిస్తే 20 నిమిషాలు, కూర్చుని వెళ్లొచ్చు. పర్సు, ఫోను ముందు జేబులో పెట్టుకోండి, ఆ రైళ్లలో జేబుదొంగలు ఎక్కువ.

జవాబు 2:
పాంపేయి ప్రవేశ టికెట్టు సంగతి ఎవరూ చెప్పలేదు. 2024 నవంబరు నుంచి రోజుకు 20,000 మందినే రానిస్తున్నారు, టికెట్టు మీద పేరు ఉంటుంది. మనవాళ్లతో చిక్కేమిటంటే ఇంటిపేరు పొడి అక్షరంగా కొట్టేస్తారు. పాస్‌పోర్టులో ఎలా ఉందో అచ్చం అలాగే నింపండి. కొన్ని ఓడల్లో పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంచుకుంటారు, కాబట్టి జిరాక్సు కాపీ, ఫోటో ఉన్న మరో గుర్తింపు కార్డు పట్టుకెళ్లండి. అధికారిక సైటులోనే కొనండి. స్టేషను బయట ‘ఇన్ఫో’ బోర్డులు పెట్టుకుని కూర్చునే వాళ్లలో చాలామంది టూర్లు అమ్ముకునేవాళ్లే. 30×30×15 సెం.మీ. దాటిన బ్యాగు లోపలికి రానివ్వరు. నెల మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం, ఆ రోజైతే రద్దీకి సిద్ధపడండి.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. మరి నాన్నగారు నడవగలరా?

జవాబు 3:
పోర్తా మరీనా దగ్గర ఎక్కుడు, పైగా నున్నగా అరిగిన రాళ్లు. ఆయనకు ఆ దారి వద్దు. పియాత్జా అంఫితెయాత్రో ద్వారం (యాంఫీథియేటర్ వైపుది) నుంచి ‘పాంపేయి అందరికీ’ అనే చదునైన మార్గం మొదలవుతుంది, 3.5 కి.మీ. పైచిలుకు. అంతా నడవక్కర్లేదు, ఎక్కడైనా వెనక్కి తిరగొచ్చు. ఆయనకు టాక్సీయే మేలు. మీటరు వేయకముందే ‘టారిఫ్ఫా ప్రెడెటెర్మినాటా’ అని అడగండి. స్థిర ధర అడిగితేనే ఇస్తారు.

మిగతావాళ్లకు మూడు గంటలు చాలు: ఫోరం (ఊరి నడిమి చౌకు), స్నానశాలలు, ధనవంతులైన వెత్తీల ఇల్లు (2023లో మళ్లీ తెరిచారు), అబ్బొండాన్త్సా వీధి, చివర యాంఫీథియేటర్. ‘ఫౌన్ ఇల్లు’ అనే భవంతిలో నేల మీదున్న అలెగ్జాండర్ మొజాయిక్ (చిన్న రంగురాళ్లు పొదిగిన చిత్రం) నకలు, అసలుది నేపుల్స్ మ్యూజియంలో. ఆ మ్యూజియం మంగళవారం మూత. వీధి కూడళ్లలో రాతి నీటితొట్ల అంచు చూడండి, నీళ్లు పట్టేవాళ్లు చెయ్యి ఆనించి ఆనించి గుంట పడింది. కొన్నిటి నీళ్లు ఇప్పటికీ తాగొచ్చు, ఖాళీ సీసా తీసుకెళ్లండి. నీడ దాదాపు లేదు, టోపీ మర్చిపోకండి.

జవాబు 1:
వెనక్కి వచ్చే లెక్క వేరు. సొరెంటో నుంచి వచ్చే బండ్లు నిండుగా వస్తాయి, ఒక్కోసారి ఆలస్యం. మూడింటికల్లా సైటు వదిలేయండి. ముందు రోజు రాత్రి ‘షోపెరో’ ఏమైనా ఉందేమో చూడండి, అంటే సమ్మె, సాధారణంగా ముందే ప్రకటిస్తారు. ఉంటే నేపుల్స్ ప్రధాన రైల్వే స్టేషను సెంత్రాలె నుంచి ట్రెనితాలియా (ఇటలీ ప్రభుత్వ రైల్వే) బండి చూడండి. అది ఆగే పాంపేయి స్టేషను నుంచి యాంఫీథియేటర్ ద్వారానికి 15-20 నిమిషాల నడక.

ఓడ గడియారం ఊరి టైముతో కలవకపోవచ్చు, దిగేముందు సరిచూసుకోండి. ఓడ గేటు బయల్దేరే వేళకు ముందే మూస్తారు, ఎన్నింటికో ఓడలో ఇచ్చే ఆ రోజు కార్యక్రమాల షీటులో ఉంటుంది. ఓడవాళ్ల టూరు ఆలస్యమైతే ఆగుతారు, సొంతంగా వెళ్లినవాళ్లకోసం ఆగరు. అదే షీటులో రేవు ఏజెంటు నంబరుంటుంది, ఫోటో తీసి ఉంచుకోండి.